ఉప్పుటేరు నీళ్లు రొయ్యపిల్ల లివర్ కొవ్వును ఏం చేస్తున్నాయి? నాలుగు రోజుల్లో ఇలా తేల్చుకోండి

"సీడ్ వేసి పది రోజులు కాలేదు, లివర్ పాలిపోయింది. ల్యాబులో చూపిస్తే కొవ్వు చుక్కలు లేవన్నారు. పై పొలాల్లో కొట్టిన మందు ఉప్పుటేటి నీళ్లలోకి దిగిందంటారా?" నెల్లూరు జిల్లా అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు నుంచి, అటు ప్రకాశం జిల్లా కొత్తపట్నం, సింగరాయకొండ నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఒక్క స్లైడు చూసి దీనికి జవాబు చెప్పడం కుదరదు. థర్మామీటరు పెట్టి మలేరియానా టైఫాయిడా అని తేల్చమన్నట్టు ఉంటుంది.

ఆకలి, మోల్టింగ్ (పెంకు విడవడం), జబ్బు, రసాయనం. ఈ నాలుగింటిలో ఏది తగిలినా లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, స్లైడు మీద దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అందుకే పరీక్షను మొదటి మూడూ పక్కకు తప్పుకునేలా పెట్టుకోవాలి. చిన్న హ్యాచరీ ల్యాబు సరిపోతుంది. ముత్తుకూరు మత్స్య కళాశాలలో ప్రాజెక్టు చేసే విద్యార్థులకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. చూస్తున్నది ఏమిటో ముందు తెలియాలి

మనం లివర్ అనే హెపటోపాంక్రియాస్ నిండా సన్నటి గొట్టాలుంటాయి. వాటి గోడల్లో ఉండే ఆర్ కణాలు తిన్నదాంట్లోని కొవ్వును చుక్కలుగా దాచుకుంటాయి. పక్కనే ఉండే బీ కణాల్లో ఒక్కొక్కదానికి ఒక్క పెద్ద నీటిబుడగ లాంటి సంచి ఉంటుంది. అది కొవ్వు కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

పెంకు విడిచేటప్పుడు పిల్ల మేత ముట్టదు. ఆ పూట దాన్ని నిలబెట్టేది ఈ నిల్వే. పెంకు విడవడానికి ముందు కొవ్వు బాగా ఉంటుంది, విడిచాక పడిపోతుంది. ఇది మామూలే, జబ్బు కాదు.

రసాయనం ఈ నిల్వను మూడు దారుల్లో చెడగొడుతుంది.

మొదటిది నోరు కట్టేయడం. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి నరాల మీద పనిచేస్తాయి. చంపనంత తక్కువ మోతాదులోనూ పిల్ల మేతను పట్టుకోలేకపోతుంది. ఉన్న కొవ్వు ఖర్చవుతుంది, కొత్తది చేరదు.

రెండోది ఖర్చు పెంచడం. లోపలికి వచ్చిన విషాన్ని విరగ్గొట్టి బయటికి పంపడానికి శక్తి కావాలి. రాగి లాంటి లోహాలు ఎక్కువైతే కొవ్వు ఆమ్లాలే ఆక్సీకరణకు గురవుతాయి. పిల్ల బాగానే తింటుంది, నిల్వ మాత్రం పెరగదు.

మూడోది చాలామంది ఊహించనిది: కొవ్వు పెరగడం. పెంకు విడవడాన్ని నడిపే హార్మోన్ గ్రాహకం (హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్) ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో గ్రాహకంతో జతకట్టి పనిచేస్తుంది. ఓడల అడుగున పూసే పాతకాలపు పెయింట్లలో ఉండే ట్రైబ్యూటైల్‌టిన్ నేరుగా ఈ ఆర్‌ఎక్స్‌ఆర్‌కే అతుక్కుంటుంది. మంచినీటి చిన్న జీవి డాఫ్నియాలో దీని ప్రభావం స్పష్టంగా తేలింది. గుడ్లకు వెళ్లాల్సిన కొవ్వు తల్లి ఒంట్లోనే ఉండిపోయి, పిల్లలు చిన్నవిగా పుట్టాయి. ఓడల పెయింట్లలో దీన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. కానీ గాలి తగలని బురదలో ఈ పదార్థం ఏళ్ల తరబడి నిలుస్తుంది. మిరప, పత్తి మీద తెల్లదోమకు కొట్టే పైరిప్రాక్సిఫెన్ కూడా పురుగుల హార్మోన్‌కు నకలే. రొయ్యజాతికి పురుగులతో దగ్గరి చుట్టరికం ఉందన్నది మరవకూడదు.

కాబట్టి "కొవ్వు నిండుగా ఉంది, నీళ్లు మంచివే" అనుకోకండి. కొవ్వు పెరిగి మోల్టింగ్ ఆగిందంటే అది కూడా చెడ్డ వార్తే.

2. సరంజామా

- 1 లీటరు గాజు బీకర్లు 24. ప్లాస్టిక్ డబ్బాలు వద్దు. సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులు ప్లాస్టిక్ గోడకు అంటుకుపోయి నీళ్లలో మిగలవు, ఫలితం తప్పుగా 'బాగుంది' అని వస్తుంది.
- 2.5 లీటర్ల ముదురు గోధుమరంగు గాజు సీసాలు 7 (ల్యాబులకు ఆసిడ్, సాల్వెంట్ వచ్చేవి)
- గాలి పంపు, సన్నటి ట్యూబులు, గాజు పిపెట్లు. గాలి రాళ్లు వాడొద్దు, రసాయనాన్ని పీల్చుకుంటాయి.
- 4, 10, 40 రెట్ల లెన్సులున్న మామూలు మైక్రోస్కోపు, స్లైడులు, కవర్‌స్లిప్పులు
- రిఫ్రాక్టోమీటరు, పీహెచ్ మీటరు, అమ్మోనియా టెస్ట్ కిట్, వీలైతే ఆక్సిజన్ మీటరు
- ఆర్టీమియా (మేతగా వేసే సన్నటి ఉప్పునీటి జీవి) సిస్టులు, అంటే ఎండు గుడ్లు, ఒక్క డబ్బా. మధ్యలో వేరే డబ్బా తెరవొద్దు.
- కొబ్బరిచిప్పతో చేసిన యాక్టివేటెడ్ కార్బన్ 200 గ్రాములు
- డైసోడియం ఈడీటీఏ 1 గ్రాము
- పీఎల్ 10 నుంచి 12 వయసు (పోస్ట్‌లార్వా దశకు వచ్చి 10–12 రోజులైన) వనామీ రొయ్యపిల్లలు 300, ఒకే ట్యాంకువి, ఈహెచ్‌పీ (లివర్‌కు పట్టే సూక్ష్మ పరాన్నజీవి), వైట్‌స్పాట్ (వైరస్), విబ్రియో (బ్యాక్టీరియా) పరీక్షల్లో నెగెటివ్ వచ్చినవి

చివరి షరతును తేలిగ్గా తీసుకోకండి. ఈహెచ్‌పీ ఉన్న సీడ్‌తో ఈ పరీక్ష పెడితే నాలుగు రోజుల శ్రమ వృథా. ఆ జబ్బు ఉండేదే లివర్ గొట్టాల కణాల్లో. మామూలు స్లైడు మీద అది దొరకదు, పీసీఆర్ చేయించాల్సిందే.

పీఎల్ బదులు ఆర్టీమియా మీదే పరీక్ష పెట్టొచ్చా అని అడుగుతుంటారు. వద్దు. అది మొండి ప్రాణి, చాలా విషాలకు తట్టుకుంటుంది. పైగా కొత్తగా పొదిగిన పిల్ల పచ్చసొన మీదే బతుకుతుంది కాబట్టి కొవ్వు లెక్క గందరగోళమవుతుంది.

3. నీళ్లు ఎప్పుడు, ఎలా పట్టాలి

పోటు మీద ఉన్నప్పుడు పట్టిన ఏటి నీళ్లు సముద్రం గురించే చెబుతాయి. పొలాల నీళ్లు కావాలంటే పాటు (నీళ్లు సముద్రంలోకి వెనక్కి లాగే వేళ) చివరి అరగంటలో పట్టాలి, అప్పుడే ఏట్లో మురుగు కాలువల నీళ్ల వాటా ఎక్కువగా ఉంటుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో పాటు బాగా లాగుతుంది.

ఏ కాలంలో అన్నదీ ముఖ్యమే. పెన్నా ఆయకట్టులో దోమపోటుకు మందు కొట్టే రోజులు, ఎడగారు (రెండో పంట) పైరు నీళ్లు వదిలే రోజులు, మందు కొట్టాక పడిన మొదటి వాన. ప్రకాశం వైపు గుండ్లకమ్మ మొగ దగ్గర, వాగులు ఏట్లో కలిసేచోట మిరప, పత్తి పొలాల తడి వచ్చే వారాలు. నెలకోసారి లెక్కపెట్టుకుని పడితే ఈ రోజులే జారిపోతాయి.

పట్టే పద్ధతి:

- సీసాను సబ్బునీళ్లతో, ఆపై కుళాయి నీళ్లు, 10 శాతం నైట్రిక్ ఆసిడ్, డిస్టిల్డ్ వాటర్, చివర ఎసిటోన్‌తో కడిగి ఆరబెట్టాలి. ఆసిడ్ పూర్తిగా పోయాకే ఎసిటోన్ పట్టాలి, రెండూ కలిస్తే ప్రమాదం.
- ఏటి దగ్గర సీసాను అదే నీళ్లతో తొలిచి పారబోయకండి. నూనె లాంటి పదార్థాలు గోడకు అంటుకుని లెక్క పెరుగుతుంది.
- మూతి ప్రవాహానికి ఎదురుగా పెట్టి, పైనుంచి ఒక అడుగు లోతులో ముంచాలి. పైపొర తెట్టును పట్టొద్దు, అడుగు బురదను కదపొద్దు.
- గాలి మిగలకుండా నింపి, ఐసు పెట్టెలో చీకట్లో తేవాలి. ఇంటికొచ్చాక 4 డిగ్రీల దగ్గర ఉంచాలి.

మొత్తం 15 లీటర్లు పట్టండి, ఆరు సీసాలు. ఏడో సీసా కూడా అదే చోట, అదే నిమిషంలో నింపి, సీల్ వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. దాని అవసరం చివర్లో వస్తుంది.

పోల్చడానికి కావలసిన మంచి నీళ్లను 'నికరం నీళ్లు' అందాం. తీరానికి దూరంగా తీసి, ఇసుక ఫిల్టరులో వడకట్టిన హ్యాచరీ సముద్రపు నీళ్లు తెచ్చుకోండి. క్లోరిన్ వేసి ఉంటే పూర్తిగా పోయిందని కిట్‌తో చూడాలి.

4. ఉప్పు సమానం చేయడం

డిసెంబరులో ఉప్పుటేరు 12 పీపీటీకి (వెయ్యి పాళ్ల నీళ్లలో 12 పాళ్ల ఉప్పు) దిగొచ్చు, సముద్రపు నీళ్లు 32 ఉండొచ్చు. ఈ తేడా అలాగే వదిలేస్తే మీరు కొలిచేది మందును కాదు, ఉప్పును.

నికరం నీళ్లనే ఏటి నీళ్ల స్థాయికి దించండి. 20 లీటర్లు 12 పీపీటీ కావాలంటే 20ని 12తో గుణించి 32తో భాగించండి. 7.5 లీటర్ల సముద్రపు నీళ్లు, 12.5 లీటర్ల మంచినీళ్లు. మంచినీళ్లకు ఆర్‌ఓ వాటర్ క్యాన్ మేలు. బోరు నీళ్లలో ఇనుము, ఇంకేవో ఉంటాయి.

ఏటి నీళ్లు 5 పీపీటీ కన్నా తక్కువుంటే మాత్రం వాటినే పైకి తేవాలి. ఇక్కడ ఇస్కపల్లి ఉప్పు ఒక గుప్పెడు కలిపేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. కొఠారులో (ఉప్పు మడుల్లో) తయారైన ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. మెగ్నీషియం, పొటాషియం కొఠారు మిగులు నీళ్లలోనే పోతాయి. అలాంటి నీళ్లలో మోల్టింగ్ చెడుతుంది, దాంతో పాటే కొవ్వు లెక్కా చెడుతుంది. అక్వేరియం దుకాణాల్లో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమం వాడండి, అదే మిశ్రమాన్ని నికరం నీళ్లలోనూ వాడండి.

పిల్లల్ని ఆ ఉప్పుకు గంటకు 1 నుంచి 2 పీపీటీ చొప్పున దించి, చేరాక 24 గంటలు మేత పెడుతూ విశ్రాంతి ఇవ్వాలి.

5. ఎనిమిది జట్లు

ఒక్కో జట్టుకు మూడు బీకర్లు. ఒక్కో బీకరులో 500 మి.లీ. నీళ్లు, 10 పిల్లలు.

1. నికరం నీళ్లు, మేత
2. నికరం నీళ్లు, మేత లేదు
3. సగం ఏటి నీళ్లు, సగం నికరం, మేత
4. పూర్తి ఏటి నీళ్లు, మేత
5. ఏటి నీళ్లు కార్బన్ పట్టించినవి, మేత
6. ఏటి నీళ్లు ఈడీటీఏ కలిపినవి, మేత
7. నికరం నీళ్లు కార్బన్ పట్టించినవి, మేత
8. నికరం నీళ్లు ఈడీటీఏ కలిపినవి, మేత

రెండో జట్టు లేకుండా చేసిన పరీక్షలే ఎక్కువ కనిపిస్తాయి. వట్టి ఆకలికి కొవ్వు ఎంత పడిపోతుందో చూపించేది అదొక్కటే. అది లేకపోతే నాలుగో జట్టు పడిపోవడానికి అర్థం చెప్పలేరు.

ఐదు, ఆరు జట్లు నేరస్తుణ్ని పట్టేవి. కార్బన్ పురుగుమందుల లాంటి సేంద్రియ రసాయనాలను లాగేస్తుంది. ఈడీటీఏ లోహాలను కట్టేస్తుంది. ఏ జట్టులో కొవ్వు తిరిగి నిలబడితే అనుమానం అటు మళ్లుతుంది. ఏడు, ఎనిమిది ఆ రెండు పదార్థాలే పిల్లలకు హాని చేయడం లేదని చూపించడానికి.

కార్బన్ పట్టించడం: లీటరుకు 5 గ్రాములు. ముందు నల్లనీళ్లు పోయేదాకా ఆర్‌ఓ నీళ్లతో కడగాలి. నీళ్లలో వేసి 12 గంటలు గాలి పెట్టి, ఫిల్టర్ కాగితంలో వడకట్టాలి. పీహెచ్ చూడండి, కార్బన్ దాన్ని పెంచుతుంది. మిగతా జట్ల నీళ్లకూ కార్బన్ లేకుండా అదే 12 గంటలు గాలి పెట్టి, అదే కాగితంలో వడకట్టండి. లేకపోతే గాలికీ కాగితానికీ పోయిన రసాయనాన్ని కార్బన్ ఖాతాలో రాసుకుంటారు.

ఈడీటీఏ: 1 గ్రామును లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. ఆ ద్రావణం 500 మి.లీ. బీకరుకు 5 మి.లీ. పోస్తే 10 పీపీఎం (లీటరుకు 10 మి.గ్రా.) అవుతుంది.

బీకర్ల మీద జట్టు పేరు రాయకండి. సంబంధం లేని మనిషి చేత 1 నుంచి 24 వరకు అంకెలు కలిపికొట్టి వేయించి, ఆ చీటీని ఆ మనిషి దగ్గరే ఉంచండి. స్లైడు చూసేవాళ్లకు అది ఏ బీకరో తెలిస్తే కన్ను మోసం చేస్తుంది. ఎంత అనుభవం ఉన్నా చేస్తుంది. నీళ్లు మార్చేవాళ్లు, మేత పెట్టేవాళ్లు వేరేవాళ్లైతే ఇంకా మంచిది.

6. మేత లెక్క

1 గ్రాము సిస్టులు 1 లీటరు సముద్రపు నీళ్లలో, 28–30 డిగ్రీల దగ్గర, లైటు కింద, గట్టి గాలితో 18 నుంచి 24 గంటలు పొదిగించండి. పెంకులు వేరుచేసి, కడిగి, లీటరు నీళ్లలో కలపండి.

బాగా కలిపి 1 మి.లీ. తీసి, రెండు చుక్కల అయోడిన్ వేసి లెక్కపెట్టండి. మూడుసార్లు తీసి సగటు వేయండి. మరీ చిక్కగా ఉంటే పలచన చేయండి. మి.లీ.కి 50 ఉంటే బీకరుకు 10 మి.లీ., అంటే 500 ఆర్టీమియా పిల్లలు. పీఎల్‌కి పూటకు 50 చొప్పున ఉదయం, సాయంత్రం. సాయంత్రం వాటాను ఫ్రిజ్‌లో 10 డిగ్రీల లోపు ఉంచండి. బయట పెడితే ఆర్టీమియా తన కొవ్వును తానే తినేస్తుంది, మీ పిల్లలకు చేరేది తగ్గుతుంది.

మేత పెట్టడం కన్నా మిగిలింది లెక్కపెట్టడం ముఖ్యం. రెండో పూట మేత వేసే ముందు ప్రతి బీకరులో మిగిలిన ఆర్టీమియాను సన్నటి వలగుడ్డతో తీసి లెక్కపెట్టి రాయండి. పీఎల్ నోరు కట్టుకుపోయిందా లేదా అన్నది చెప్పేది ఈ అంకే.

7. నాలుగు రోజుల దినచర్య

మొదలుపెట్టే రోజు బీకర్లలోకి పోకముందే 15 పిల్లల్ని పక్కకు తీసి స్లైడులు చూడండి. సగటు కొవ్వు 2 కన్నా తక్కువ ఉంటే (మార్కులు కింద ఉన్నాయి) ఆ సీడ్ వద్దు. దిగజారడానికి అక్కడ ఏమీ లేదు.

ప్రతిరోజూ ఒకే వేళకు:

- చచ్చినవాటిని తీసి లెక్క రాయాలి
- మిగిలిన మేత లెక్క
- విడిచిన పెంకులు లెక్క. 28 డిగ్రీల దగ్గర పీఎల్ 30–40 గంటలకోసారి పెంకు విడుస్తుంది. వాటినే అవి తినేస్తాయి కాబట్టి రెండు పూటలా చూడాలి.
- ఉష్ణోగ్రత 28–30, ఆక్సిజన్ లీటరుకు 5 మి.గ్రా. పైన, పీహెచ్, అమ్మోనియా
- సగం నీళ్లు (250 మి.లీ.) అదే జట్టు కొత్త నీళ్లతో మార్పు

24, 48, 72 గంటలకు మూడు మార్పులు. ఏటి నీళ్లు మొత్తం 13 లీటర్ల పైచిలుకు ఖర్చవుతాయి, నికరం 17 లీటర్లు.

48 గంటలకు బీకరుకు మూడు పిల్లల్ని తీసి స్లైడు చూడండి. ఆ తర్వాత మేత 350కి తగ్గించాలి. 96 గంటలకు మిగిలినవన్నీ.

మేత లేని జట్టులో ఒకదాన్నొకటి తినే ప్రమాదం ఉంది. బీకరులో చిన్న వలముక్క వేలాడదీస్తే దాక్కుంటాయి. ఒక జట్టులో వేస్తే అన్నిట్లోనూ వేయాలి. ఒకటో జట్టులో (స్లైడుకు తీసినవాటినీ కలిపి) 30కి 27 అయినా బతక్కపోతే పరీక్ష చెల్లదు. తప్పు ఎక్కడుందో వెతికి మళ్లీ పెట్టండి.

8. స్లైడు

నిజంగా చేయి తిరగాల్సింది ఇక్కడే.

పిల్లను ఐసు నీళ్లలో వేస్తే నిమిషంలో కదలిక ఆగుతుంది. ఆ ఐసు నీళ్లకూ అదే ఉప్పు ఉండాలి. స్లైడు మీద ఒక చుక్క, బీకరు నీళ్లే, వేసి పిల్లను పక్కకు పడుకోబెట్టి కవర్‌స్లిప్పు దింపండి. మంచినీళ్లు వేస్తే కణాలు ఉబ్బి పగులుతాయి. కొవ్వు బయటికొచ్చి చెల్లాచెదురవుతుంది.

10 రెట్ల లెన్సులో తల పెంకు కింద గొట్టాల గుత్తి కనిపిస్తుంది. ఐదు చోట్ల చూసి సగటు వేయండి.

- 0: చుక్కలే లేవు, గొట్టాలు అద్దంలా
- 1: గొట్టంలో పావు వంతు దాకా చుక్కలు
- 2: పావు నుంచి సగం
- 3: సగం నుంచి ముప్పావు
- 4: అంతకు మించి

40 రెట్లకు మార్చి చుక్కల్ని నిర్ధారించుకోండి. కొవ్వు చుక్క గుండ్రంగా, మెరుస్తూ, చిన్నాపెద్దా కలిసి గుంపుగా ఉంటుంది. ఫోకస్ మర తిప్పితే నడిమి భాగం వెలుగుతూ, మసకబారుతూ ఉంటుంది. గాలిబుడగకు అంచు మందంగా నల్లగా ఉండి, కవర్‌స్లిప్పును సూదితో నొక్కితే జరుగుతుంది. బీ కణం సంచి పెద్దది, ఒంటరిది, మెరుపు లేనిది.

చుక్కల సైజునూ రాయండి. సన్నటివి బోలెడు ఉండటం వేరు, నాలుగైదు పెద్ద ముద్దలుగా చేరడం వేరు. రెండోది కనిపించి, గొట్టాలు నొక్కుకుపోయి అలల్లా వంకర తిరిగి ఉంటే కణం కొవ్వును వాడుకోలేకపోతోందని అనుమానించాలి. విబ్రియో దెబ్బ కూడా గొట్టాల్ని అలాగే వంకర తిప్పుతుంది కాబట్టి అదే జట్టు పిల్లల్ని టీసీబీఎస్ ప్లేటు (విబ్రియోను పెంచి చూసే ప్లేటు) మీద చూడాలి.

తోక ఈకల అంచునూ చూడటం మరవకండి. పెంకుకూ లోపలి కండకూ మధ్య ఖాళీ కనిపిస్తే ఆ పిల్ల పెంకు విడవబోతోంది, కొవ్వు సహజంగానే ఎక్కువ. పెంకు మెత్తగా ఉంటే ఇప్పుడే విడిచింది, కొవ్వు తక్కువ. ఈ రెండు రకాలనూ రికార్డులో గుర్తుపెట్టి, లెక్కను వాటితో ఒకసారి, లేకుండా ఒకసారి వేయండి.

ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలు దాటకూడదు. లివర్ నిండా జీర్ణరసాలే, ప్రాణం పోగానే తనను తానే కరిగించుకోవడం మొదలుపెడుతుంది. పది పిల్లల్ని ఒకేసారి ఐసులో వేసి, ఒక్కొక్కటిగా గంటసేపు చూస్తే చివరివి చెడ్డవిగా కనిపిస్తాయి. ఇద్దరు విడివిడిగా మార్కులు వేయాలి. తేడా ఒకటి దాటితే కలిసి మళ్లీ చూడాలి.

9. రంగు వేయడం, కావాలంటేనే

ఫొటో కావాలన్నా, వాదన వచ్చినా ఆయిల్ రెడ్ ఓ వాడండి. అర గ్రాము పొడిని 100 మి.లీ. ఐసోప్రొపనాల్‌లో కరిగించి ఉంచుకోవాలి. వాడేముందు అందులో మూడు పాళ్లకు రెండు పాళ్లు డిస్టిల్డ్ వాటర్ కలిపి, పది నిమిషాలు ఆగి వడకట్టాలి. లివర్ ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో గట్టిపరిచి, 60 శాతం ఐసోప్రొపనాల్‌లో ముంచి, రంగులో 15 నిమిషాలు ఉంచి, మళ్లీ 60 శాతంలో, ఆపై నీళ్లలో కడిగి గ్లిజరిన్‌లో చూడాలి. కొవ్వు ఎర్రగా తేలుతుంది.

మామూలుగా రొయ్య శాంపిల్ వేసే డేవిడ్సన్ ద్రావణంలో ఆల్కహాల్ ఉంటుంది. ఆ తర్వాత మైనంలో పోతపోసే పద్ధతిలో జైలీన్ కూడా తగులుతుంది. రెండూ కొవ్వును కడిగేస్తాయి. ఆ స్లైడుల మీద కనిపించేవి కొవ్వు ఉన్నచోట మిగిలిన ఖాళీ గుంతలు మాత్రమే. కొవ్వు కోసం ఆ సీసా వాడకండి.

10. అంకెలు ఏమంటున్నాయి

ఇప్పుడు చీటీ తెరవండి. ముందు బీకరువారీ సగటు, ఆపై జట్టు సగటు. మీ దగ్గర జట్టుకు ఉన్నవి మూడు అంకెలే. ఒకే బీకరులోని ఏడు పిల్లలు ఏడు సాక్ష్యాలు కావు, అన్నీ ఒకే నీళ్లు తాగినవి. జట్ల తేడా అర మార్కు లోపుంటే దాని మీద ఏమీ కట్టకండి.

లెక్క ఎలా చదవాలో చూపడానికి ఊహించిన అంకెలివి. ఒకటో జట్టు బీకర్లు 3.2, 3.0, 3.3, సగటు 3.17. నాలుగో జట్టు 1.6, 2.1, 1.8, సగటు 1.83. మేత లేని జట్టు 0.7. కార్బన్ జట్టు 2.9. ఈడీటీఏ జట్టు 1.9. వేసిన 500 ఆర్టీమియాలో ఒకటో జట్టులో 40 మిగిలితే నాలుగో జట్టులో 230 మిగిలాయి. ఇందులో కథ సూటిగా ఉంది. ఏటి నీళ్లలో పిల్లలు సగం కన్నా కాస్త ఎక్కువే తిన్నాయి, కార్బన్ తీసేసిన ఏదో సేంద్రియ పదార్థం నోరు కట్టేస్తోంది, లోహాలు కారణం కాదు.

మిగతా రకాల ఫలితాలు:

- మేత అంతా తిన్నాయి, కొవ్వు మాత్రం తక్కువ: ఖర్చు పెరిగింది లేదా జీర్ణం కావడం లేదు. ఈడీటీఏ జట్టు నిలబడితే లోహం. రెండు జట్లూ నిలబడకపోతే అమ్మోనియా, అయాన్ల లోపం, జబ్బు చూడండి.
- కొవ్వు ఒకటో జట్టు కన్నా ఎక్కువ, విడిచిన పెంకులు తక్కువ: హార్మోన్ దారి. మోల్టింగ్ ఆగితే నిల్వ ఖర్చుకాదు. పెంకుల లెక్క లేకుండా ఈ మాట అనలేరు.
- సగం ఏటి నీళ్ల జట్టు సరిగ్గా మధ్యలో ఉంది: మంచి సాక్ష్యం. మోతాదు తగ్గితే దెబ్బా తగ్గింది.
- సగం జట్టు పూర్తి జట్టు కన్నా అధ్వానం: బీకర్లు తారుమారయ్యాయేమో ముందు చూడండి.
- ఏడు లేదా ఎనిమిది జట్టు పడిపోయింది: కార్బన్ సరిగా కడగలేదు, లేదా ఈడీటీఏ పది రెట్లు పడింది. ఐదు, ఆరు జట్ల మాట ఇక నమ్మొద్దు.
- అన్ని జట్లూ ఒకేలా పడిపోయాయి: నీళ్లను వదిలేయండి. ఆర్టీమియా డబ్బా పాతది కావచ్చు, సీడే బలహీనమైంది కావచ్చు.

ఏ పేరున్న మందు అన్నది ఈ పరీక్ష చెప్పదు. ఫలానా పొలం వాళ్ల మందే అని దీన్ని పట్టుకుని తగాదాకు దిగొద్దు. పేరు కావాలంటే సీల్ వేసి ఉంచిన ఏడో సీసాను పురుగుమందుల అవశేషాలు కొలిచే ల్యాబుకు ఐసులో పంపాలి. 'అన్నీ చూడండి' అంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కార్బన్ జట్టు నిలబడింది, ఈడీటీఏ జట్టు నిలబడలేదు కాబట్టి లోహాలు అక్కర్లేదు, మేత మానేశాయి కాబట్టి ముందు నరాల మందులు చూడండి అని రాసి పంపితే పని, డబ్బు రెండూ తగ్గుతాయి.

11. పారబోసే ముందు

వాడిన నీళ్లు, పిల్లలు మళ్లీ ఏట్లోకి పోకూడదు. పిల్లల్ని బ్లీచింగ్ నీళ్లలో వేసి పూడ్చండి. నీళ్లకు మిగిలిన కార్బన్ పట్టించి, ఒక రాత్రి ఉంచి, ఏటికీ బావికీ దూరంగా గుంతలో పోయండి. రంగు, ఐసోప్రొపనాల్, ఫార్మలిన్ వేరే సీసాలో దాచి, ల్యాబు వ్యర్థాలతో పాటు ఇవ్వండి.

ఏడో సీసా మీద అతికించే చీటీలో ఇవి ఉండాలి, పెన్సిలుతోనే రాయండి, ఇంకు ఐసు నీళ్లకు చెదిరిపోతుంది:

- పట్టిన చోటు, ఏ కాలువ కలిసే దగ్గర
- తేదీ, గంట, పాటు ఎంతసేపటి నుంచి సాగుతోంది
- ఆ వారంలో వాన పడిందా, ఏ రోజున
- పై పొలాల్లో పైరు ఏది, మందు కొడుతున్నది ఎవరి కంటనైనా పడిందా
- ఉప్పు, పీహెచ్, ఉష్ణోగ్రత, పట్టిన నిమిషంలో కొలిచినవి
- పట్టినవారి సంతకం